గీత దాటిన బంతి

నిన్న ఫోన్‌లో ఒక టాంగో పాట విన్నాను. అర్జెంటీనాలో వీధి ఫుట్‌బాల్ మీద కూడా పాటలు కట్టుకుంటారట. అందులో ఓ గోల్‌కీపర్‌ను పొగుడుతుంటే పాట ఆపేశాను.

నంద్యాలలో మా వీధికీ అలాంటి పాట ఉండేది. చెక్కభజన నేర్పే సుబ్బన్న తాత, మేం ఆడిన ఆటనల్లా శనివారం భజనలో పాటగా కట్టేవాడు. అందులో పేరు పడిందంటే ఏళ్ల తరబడి వినాల్సిందే.

ఆ రోజు ఆట వెనక వీధి వాళ్లతో. రెండు బేతంచెర్ల బండలు నిలబెట్టి, మధ్యన సుద్దగీత గీశాం. గోల్‌కీపర్‌ని నేనే. ఆఖరి బంతిని ఓబులేసు తన్నాడు. దాన్ని పొట్టకు హత్తుకుని వెనక్కి పడ్డాను. చూస్తే బంతి గీతకు అవతల ఉంది. దుమ్ము తగ్గేలోగా ఇవతలికి లాక్కున్నాను.

రెండు వీధులూ కొట్టుకునేదాకా వచ్చాయి. తాత నా ముందు కూర్చున్నాడు.

"నిజం చెప్పు పాపా, దాటిందా ఏందీ? నువ్వేం చెప్తే అదే."

ఓబులేసు నా కళ్లలోకే చూస్తున్నాడు.

"ల్యా తాతా, దాటల్యా."

శనివారం పాటలో నేను 'నిజం పలికిన పిల్ల'నయ్యాను. భజన వరుసలో ఓబులేసు కూడా ఉన్నాడు. నా పేరు వచ్చినప్పుడు వాడి చేతిలో చెక్కలు మాత్రం మోగలేదు.

ఓబులేసూ, ఆ బంతి దాటింది.