బాపట్ల నుంచి చూసేవాళ్ళు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, తెనాలి బస్టాండు దగ్గర మేడ మీద గది తీసుకుని, వీడియో ఛానళ్ళు నడిపేవాళ్ళకు సలహాలిచ్చే పని మొదలుపెట్టాను. పేరు గొప్పగా కన్సల్టెన్సీ. ఉన్నదల్లా ఒక కంప్యూటరు, రెండు కుర్చీలు. వీడియోను ఎంతమంది చూశారో, ఎంతసేపు చూశారో, ఎక్కడ ఆపేశారో అనలిటిక్స్ డాష్‌బోర్డ్ అనే తెర చూపిస్తుంది. దాన్ని చదివి చెప్పడమే నా పని. అప్పట్లో ఆ గీతలకు తెలియనిది లేదని నా గట్టి నమ్మకం.

ఒకరోజు అడవులదీవి నుంచి సామ్రాజ్యంగారనే ఆవిడ రేపల్లెలో బస్సు మారి వచ్చారు. భర్త సముద్రం మీద వేటకు వెళ్తారు. ఈవిడ చేపల కూరలు వండి వీడియోలు పెడతారు. కూర్చుంటూనే అడిగారు.

"బాబూ, ఇందులో చూసినోళ్ళ పేర్లు తెలుస్తాయంట గదా?"

"పేర్లు రావండి. ఏ ఊళ్ళో ఎంతమంది చూశారో వస్తుంది."

"బాపట్లలో ఉన్నారా?"

"ఉన్నారండి."

"అందులో మా బుజ్జి ఉందేమో చూడు బాబూ."

"అది చెప్పదండి," అన్నాను. ఆవిడ ముఖం చిన్నబోయింది.

బుజ్జి ఆవిడ ఒక్కగానొక్క కూతురు. ఇంట్లో చెప్పకుండా, తను ప్రేమించిన లూథరన్ కుర్రాణ్ణి బాపట్ల చర్చిలో పెళ్ళి చేసుకుంది. గడప తొక్కొద్దని తండ్రి అన్నాడు. తల్లి ఆ పూట నోరు మెదపలేదు. అప్పటి నుంచి కూతురు ఫోనెత్తదు. ఆ పిల్ల చూస్తుందన్న ఆశతోనే ఈవిడ ఛానల్ పెట్టారు. ప్రతి వీడియోలోనూ పొయ్యి వెలిగించకముందే, "ఏమే బుజ్జీ, అన్నం తిన్నావా? ఒంట్లో బాగుంటుందా?" అంటూ పలకరింపులు సాగుతాయి.

రిటెన్షన్ గ్రాఫ్ తెరిచాను. వీడియో నడిచేకొద్దీ ఎంతమంది మిగిలారో చెప్పే గీత అది. పలకరింపులు అయ్యేసరికే సగం మంది వెళ్ళిపోతున్నారు.

"ఈ ముక్క ఎవరూ వినట్లేదండి. తీసేస్తే ఛానల్ లేస్తుంది," అన్నాను పెద్ద డాక్టరులా.

ఆవిడ తెర వంక చూశారు. "మా బుజ్జే విననప్పుడు ఇంకెవరి కోసంలే. తీసేస్తా బాబూ," అన్నారు. ఆ గొంతు వింటే బాధేసింది.

ఆ తర్వాతి వీడియోలు తిన్నగా చేప కడగడంతోనే మొదలయ్యాయి. గీత చక్కగా నిలబడింది. సంబరంగా ఫోన్ చేసి చెబితే, "అలాగా" అని ఊరుకున్నారు.

కొద్దిరోజులకే ఆవిడ ఫోన్ చేశారు. ఏడుస్తున్నారో నవ్వుతున్నారో నాకు తెలియలేదు.

"బుజ్జి ఫోన్ చేసింది బాబూ! 'ఏంటమ్మా, నన్ను పలకరించడం మానేశావు? నువ్వు కూడా వదిలేశావా?' అని ఒకటే ఏడుపు. అన్నీ చూస్తందంట. నా పలకరింపులు అయ్యేదాకా విని ఆపేసేదంట. కూర చూస్తే ఇంటి మీద బెంగొస్తుందంట."

విసుగొచ్చి పోయారని నేను తేల్చేసిన వాళ్ళలో ఆ పిల్ల కూడా ఉంది.

"ఆ ముక్క మళ్ళీ పెట్టేస్తా బాబూ. గీత పడిపోతే నువ్వేమీ అనుకోమాక," అన్నారావిడ.

ఇప్పుడు ఎవరొచ్చినా డాష్‌బోర్డ్ తెరిచే ముందు, "ఇది ఎవరు చూడాలని తీస్తున్నారండీ?" అని అడుగుతున్నాను. చాలామంది "అందరూ చూడాలండి" అంటారు. కొందరు మాత్రం ఒక పేరు చెబుతారు.