రెండు లాకుల నడుమ

దర్జీ కూతుర్ని ఇటుకల పడవ నడిపేవాడికిచ్చి చేశారు. పేరుకు మొగుడితో కాపురం గానీ నిజానికి పడవతోనే. సరుకు పోను మిగిలిన వెనుకగదిలో ఒక పొయ్యి, ఒక బల్ల, ఒక అత్తగారు. కప్పు ఎంత కిందికుండేదంటే, నెల తిరక్కుండానే ఆమెకు తల వంచుకుని నడవడం అలవాటైపోయింది. సరుకు దించేటప్పుడు గట్టెక్కి నాలుగడుగులు వేద్దామంటే లోపలినుంచి అత్త పిలిచేది.

"గట్టుపిల్లా, ఎసరు మరుగుతోంది."

గట్టు మీద పుట్టిందని ఎత్తిపొడుపుగా పడవలవాళ్ళందరి నోటా ఆమెకు అదే పేరు. కూతురు పుట్టాక, పిల్ల కాలవలో పడకుండా దాని నడుముకు తాడు చుట్టి కొక్కేనికి కట్టేది. ముడి వేస్తున్నంతసేపూ తన నడుమే బిగుసుకుంటున్నట్టు ఉండేది.

ఒక వేసవిలో, మరమ్మతులని చెప్పి కాలవకు అడ్డంగా ఉండే పై లాకు తలుపులు మూసేశారు. పడవ వెనక్కి తిప్పేలోపు కింది లాకూ మూశారు. ఎవరికైనా ముందు నుయ్యి, వెనుక గొయ్యి. వీళ్ళకు ముందు లాకు, వెనుక లాకు. ఇటుకలు లారీలెక్కాయి. చిక్కుకుపోయిన తక్కిన పడవలవాళ్ళు ఒక్కొక్కరే మూటాముల్లే సర్దుకుని వెళ్ళిపోయారు. ఆమె మొగుడు మాత్రం రోజూ చుక్కాని తుడుచుకుంటూ కూర్చునేవాడు.

"రేపోమాపో తెరుస్తారు."

"నీ రేపటికి మూడేళ్ళు నిండాయి," అందామె.

నీళ్ళింకి పడవ బురదలో కూర్చుంది. ఆమె గోనెసంచుల మిల్లులో కుట్టుపనికి కుదిరి, సైకిల్ షాపు మీద ఒక గది మాట్లాడుకుంది.

"నేను రాను," అన్నాడతను. "వదిలిపోతే చెక్క మీద చెక్క ఉంచరు."

"అయితే నువ్వు కాపలా ఉండు. నేనూ పిల్లా పోతాం."

అత్త అడ్డం పడుతుందనుకుంది. ముసలావిడ అప్పటికే తన చీరలు మూట కట్టుకుని కూర్చుంది.

"నన్నూ తీసుకుపోవే."

"నువ్వా అత్తా?"

"నేను మాత్రం పడవలో పుట్టానా? మాదీ గట్టే. బతుకంతా నోరు మూసుకున్నా."

"మరి నన్నెందుకు దెప్పేదానివి?"

"నన్నూ అలాగే దెప్పారు. నాకు వచ్చిందదే."

ఆడవాళ్ళు ముగ్గురూ గట్టెక్కారు. కానీ మిల్లు గంటకు ముందోసారి, తర్వాతోసారి ఆమె అన్నం గిన్నెతో బురదలోకి దిగక తప్పేది కాదు. అతను తినేవాడు, గిన్నె కడిగిచ్చేవాడు, రానని చెప్పేవాడు. వానలో, జ్వరంలో కూడా దిగింది. పడవను వదిలిపోవడానికి లేదు, గదిలో పూర్తిగా ఉండడానికీ లేదు.

చివరికి రోడ్డు వేయడానికని కాలవను మట్టితో పూడ్చడం మొదలుపెట్టారు. మట్టి పడవ అంచు దాకా వచ్చాక అతను కట్టుబట్టలతో గదికొచ్చాడు. నలుగురు పడుకుంటే కాలు చాపే చోటు లేదు. రెండో రోజే అడిగాడు.

"ఇక్కడ ఎన్నాళ్ళుండాలి?"

ఆ ప్రశ్న ఆమె పెళ్ళైన కొత్తలో తనలో తాను వేసుకున్నదే. అతని పక్కబట్టలు కిటికీ వైపుకు జరిపింది. అక్కణ్ణుంచి మట్టి లారీలు తప్ప ఏమీ కనబడవు గానీ, కాస్త గాలి వస్తుంది.