ఎండకు పెట్టని నారు

నాకు ఎవరైనా ఎదురు మాట్లాడితే పడదు. చిన్నప్పటి నుంచీ అంతే. ఆ బుద్ధితోనే మదనపల్లెలో టమాటా నారు పెంచి అమ్మే నర్సరీ పెట్టాను.

మొదట్లో నాకున్నది ఒక్క షెడ్డు, పనికి ఒక్క మనిషి. ఆమె నిమ్మనపల్లె నుంచి బస్సులో వచ్చేది. రెండు చేతులతో పని చేసేది, నాలుగు నోళ్లతో వాదించేది. వల నీడన పెరిగిన నారును రైతుకు ఇచ్చే ముందు వారం రోజులు బయట ఎండకు పెట్టి, నీళ్లు తగ్గించాలి. అప్పుడే కాడ గట్టిపడి పొలంలో నిలబడుతుంది. రైతు ఆటో మాట్లాడుకుని గేటు దగ్గరికి వచ్చినా సరే, ఆ వారం నిండకుండా ఆమె ఒక్క ట్రే కదలనిచ్చేది కాదు. "ఓనరమ్మ నువ్వా, ఆయమ్మా?" అని రైతులు నవ్వేవాళ్లు. నాకు తల కొట్టేసినట్టయ్యేది.

పుంగనూరులో రెండో షెడ్డు వేయగానే ఆమెను అక్కడికి పంపేశాను. పెద్ద బాధ్యత ఇస్తున్నానని చెప్పాను గానీ, ఆమె నోటిని తప్పించుకోవడానికే పంపాను. అది ఆమెకూ తెలుసు. టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లిపోయింది.

మూడోది కుప్పంలో. దానికి ఏరి కోరి పెట్టుకున్న మనిషి రైతుబిడ్డ, మాట మెత్తన. నేనేం చెప్పినా "సరేక్కా" అనేవాడు. అబ్బ, ఎంత హాయిగా ఉండేదో! మనుషులు ఇలా ఉండాలి అని మురిసిపోయాను. సిగ్గు లేకుండా పుంగనూరు ఆమెకు ఫోన్ చేసి మరీ అతణ్ని పొగిడాను.

పోయిన వేసవిలో కుప్పం వైపు రైతులు ఒక్కసారిగా నారుకు ఎగబడ్డారు. వారం ఆగమంటే ఇంకో నర్సరీకి పోతారేమోనని నాకు భయం.

"ఈసారి ఎండకు పెట్టొద్దు. ఉన్నది ఉన్నట్టు ఇచ్చెయ్" అని కుప్పం అతనికి ఫోన్‌లో చెప్పాను.

"సరేక్కా" అన్నాడు.

పుంగనూరు ఆమెకు ఎవరు చెప్పారో, ఆ సాయంత్రమే ఫోన్ చేసింది. "అక్కా, ఈ ఎండలకి ఆ నారు నిలబడదు. రైతు నోట్లో మన్ను కొట్టొద్దు."

"నీ షెడ్డు నువ్వు సూసుకో పో" అని పెట్టేశాను.

వారం తిరక్కుండానే కుప్పం వైపు నుంచి ఒక పెద్దాయన మదనపల్లెకు వచ్చాడు. మాడిపోయిన మొక్కలు తువ్వాలులో కట్టుకొచ్చి నా ముందు విప్పాడు. "నిన్ను నమ్మి నాటితినమ్మా. మళ్లా నాటేదానికి బోర్లో నీళ్లు ల్యావు" అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఆ పూటే కుప్పం వెళ్లాను. షెడ్డు వెనక ఎండలో ట్రేలు వరసగా పెట్టి ఉన్నాయి. కాడలు గట్టిగా, ఆకులు ముదురు పచ్చగా ఉన్నాయి.

"ఇవి ఎవురివప్పా?"

"మా బావకక్కా. ఎల్లుండి నాటుకుంటాడు."

"వీటిని ఎండకు పెట్టినావే!"

"పెట్టకుంటే సచ్చిపోతాయి గదక్కా" అన్నాడు, తెలియనిదానికి చెప్పినట్టు.

"మరి నాకు యాల సెప్పలేదు?"

"నువ్వు అడగలేదు గదా. ఇచ్చేయమంటివి, ఇచ్చేస్తి."

పుంగనూరు దాకా బస్సులో ఏడుస్తూనే ఉన్నాను. ఎంత నమ్మాను! నాకు తల ఊపుతూనే తన ఇంటి నారును కాపాడుకుని, నన్నూ ఆ పెద్దాయననూ నట్టేట ముంచాడు. వాణ్ని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. తిట్లన్నీ అయిపోయాక ఇంకొకటి మిగిలింది. ఇచ్చేయమన్నది నేనే, వద్దన్న ఆమె మాట విననిదీ నేనే.

పుంగనూరు షెడ్డులో ఆమె ట్రేలకు నీళ్లు పడుతోంది. జరిగిందంతా చెప్పాను. ఇకమీదట కుప్పం కూడా ఆమే చూసుకోవాలని కోరాను. 'ఆ పొద్దు సెప్తే విన్నావా?' అని దులిపేస్తుందని చూశాను. దులిపితే నాకు ప్రాణం లేచి వచ్చేది. ఆమె నీళ్లు పడుతూనే తల ఊపింది.

చివరికి కావాలనే తప్పు మాట ఒకటి అన్నాను. "నష్టపోయినోళ్లకు మళ్లా నారు ఇయ్యాల. రెండు రోజులు ఎండకు పెడితే చాల్లే."

పైపు పట్టుకున్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఇప్పుడైనా దులుపుతుందనుకున్నాను.

ఆమె తల ఎత్తకుండానే పక్క ట్రే వైపు జరిగింది.

"సరేక్కా" అంది.