కోసిగిలో ఉతకని చీర

బర్రెలు మనుషుల్ని గుర్తుపట్టేది చూపుతోనా, గొంతుతోనా, వాసనతోనా? ఇది తేల్చడమే నా ఉద్యోగం. ఇంట్లోవాళ్లు నవ్వినా జీతమైతే వస్తోంది. కోసిగి దగ్గర ఒక పల్లెలో, తన మనిషికి తప్ప ఎవరికీ పాలివ్వని బర్రె ఉందని కబురొస్తే, పొద్దున ఆరింటికి కర్నూలులో ఎమ్మిగనూరు బస్సెక్కాను.

పక్కసీట్లో గాజుల వ్యాపారి మస్తాన్ సాయెబు. సంగతి విని, "బర్రెను చూసేకి దుడ్లిచ్చి పంపుతాండారా? మంచి నౌకరీ పట్టినావప్పా," అన్నాడు. వెటకారమో మెచ్చుకోలో తెలియలేదు.

ఎమ్మిగనూరులో ఉగ్గాని, బజ్జీ తిని కోసిగి బస్సు పట్టుకున్నాను. నీళ్లసీసా ఇక్కడే కొనుక్కోవడం మంచిది. ఆ తర్వాత దారంతా ఎండిన చేలే. కోసిగి నుంచి షేర్ ఆటోలో పల్లె చేరేసరికి పదకొండు దాటింది.

ఇంటాయన దేవదాసు నడుము దెబ్బతిని కూలికి పోలేడు. అందుకని గుంటూరు వైపు మిరపకాయల కోతకు, ఇక్కడివాళ్లు సుగ్గి అంటారు, భార్య మరియమ్మే పోవాలి. కూలీల లారీ మర్నాడే. బర్రె దేవదాసుకు పాలిస్తే ఆమె ప్రయాణం ఖాయం.

"ఇయ్యకుంటే ఈడనే ఉంటా సార్, పాపను ఇడిసిపెట్టి పోబుద్ధి కాలేదు," అంది మరియమ్మ. ఆ ఆశ ఆమె దాచుకోలేదు.

"నువ్వు పోకుంటే ఏం తింటాం?" అన్నాడు దేవదాసు.

పిండే మనిషి ఊళ్లో లేనప్పుడు, ఆమె చీర చుట్టుకుని ఇంకొకరు పిండడం ఇక్కడ మామూలే. చాలా బర్రెలు నమ్ముతాయి. ఇది నమ్మదట. సాయంత్రం నాలుగింటికి దేవదాసు చీర చుట్టుకుని కూర్చున్నాడు. బర్రె చెంగు వాసన చూసి చెంబును ఒక్క తన్ను తన్నింది. మరియమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

చీర ఇస్త్రీ చేసినంత శుభ్రంగా ఉంది. ఉతికారా అని అడిగాను.

"ఉతకకుంటే ఎట్ల సార్? ఆడోళ్ల మాసిన కోక మొగోడు కట్టుకుంటే నామర్దా గదా. ఎప్పుడు కట్టినా సబ్బు పెట్టి ఉతికినాకనే," అన్నాడు దేవదాసు.

మరియమ్మను ఒంటిమీదున్న చీర మార్చుకుని ఇమ్మన్నాను. ఆమె కాసేపు నావైపు చూసి లోపలికి వెళ్లింది. ఆ చీరతో దేవదాసు మళ్లీ కూర్చున్నాడు. బర్రె చెంగు వాసన చూసింది, నెమరు మొదలుపెట్టింది, పాలు చేపింది. చెంబు నిండింది.

"ఇంగ నువ్వు పోవచ్చు," అన్నాడు దేవదాసు. మరియమ్మ పాలచెంబు అందుకుని లోపలికి పోయింది. వాసనే అని నేను రాసుకున్నాను.

నేను ఆటో ఎక్కేచోటికి ఆమె పాపను చంకనేసుకుని వచ్చింది.

"సార్, రొండు కోకలు ఉతకకుండా పెట్టిపోతా. ఒకటి బర్రెకు, ఒకటి పాపకు. పాపకు గూడ వాసన సాల్తాదా?"

మేం చూసేది బర్రెలనే అన్నాను.

తిరుగు బస్సు సగం ఖాళీ. వచ్చిన పని బాగానే జరిగింది, సంతోషమే కలగలేదు. ఏం పని మీద వచ్చారని పక్కనున్నాయన అడిగితే, చుట్టాల్ని చూడ్డానికి అన్నాను.