తాళం తిప్పిన చెయ్యి

వడమాలపేట వెంకటమునికి కారు పిచ్చి. మా అలిపిరి స్టాండులో కుప్పయ్య టాక్సీకి క్లీనరుగా చేరి, నాలుగేళ్ళు ఆ అంబాసిడర్ అద్దాలు తుడిచి, పుత్తూరు రోడ్డులో కుప్పయ్య పక్కన కూర్చుని గేర్లు నేర్చుకున్నాడు. ఇరవై మూడేళ్ళకే సొంత బండి కావాలని పట్టుబట్టాడు. తప్పేముంది? ఆ వయసులో మాకూ అదే యావ. మేము కడుపు మాడ్చుకుని కొన్నాం. వాడు ఇంకోరకంగా కొన్నాడు.

అది 1981. చిత్తూరులో జయరావని ఒకడు బండ్లకు అప్పులిచ్చేవాడు. ముందుగా ఆరువేలు కట్టాలి, మిగతాది నెలనెలా కంతులు. మూడు కంతులు తప్పితే బండి లాక్కుంటాడు. ముని చేతిలో ఆరువేలు కాదు గదా, ఆరు రూపాయలు లేవు.

"దుడ్డు లేకుంటే ఒళ్ళుండాది గదరా," అన్నాడట జయరావు. "కంతు కట్టనోళ్ళ బండ్లు ఎత్తుకరా. బండికి మున్నూరు నీ పేరున జమేస్తా."

ముని జాకీ రాడ్డు పట్టాడు. రేణిగుంటలో ఒక డ్రైవరు అడ్డం నిలబడితే భుజం విరగ్గొట్టాడు. దెబ్బలు తిన్నవాళ్ళు ఎముకలకు కట్టు కట్టించుకోవడానికి వాడి ఊరి మీదుగానే పుత్తూరుకు బస్సులో పోయేవాళ్ళు. వాడికి చీమ కుట్టినట్టయినా లేదు. పంతొమ్మిదో బండి పాకాలలో. ఆ డ్రైవర్ని పెళ్ళాం చూస్తుండగానే జుట్టు పట్టి బయటికీడ్చి, మోకాలి చిప్ప పగిలేదాకా కొట్టాడు.

ఇరవయ్యోది కుప్పయ్యది. ఇంజను చెడిపోయి బండి షెడ్డులో పడటంతో పాపం జయరావుకు కట్టాల్సిన మూడు కంతులు తప్పాయి. ఇదొక్కటి తెస్తే ఆరువేలు సరి, ఆ బండే నీకిస్తానన్నాడు జయరావు.

పొద్దున ఏడింటికి మేమంతా చూస్తుండగానే ముని స్టాండుకు వచ్చాడు. కుప్పయ్య బండి దిగలేదు. కుడిచేత్తో డోరు పక్క కమ్మీ గట్టిగా పట్టుకున్నాడు.

"దిగు మామా."

"రేయ్ మునీ, నీకు గేరేసేది నేర్పించిన బండిరా ఇది. ఒక్క నెల టైమియ్యి."

ముని ఆ చేతి మీదే డోరు ధడాలున వేశాడు. తెరిచి మళ్ళీ వేశాడు. వేళ్ళు విరిగిన చప్పుడు నాకు వినిపించింది. ఏడుగురం ఉన్నాం, ఒక్కరం కదల్లేదు. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

వారానికి బండికి కొత్త రంగు వేయించి, పూలదండ కట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి పూజకు తెచ్చాడు. మా స్టాండులో ఒక పద్ధతి ఉంది. ఎవరి మొదటి బండికైనా డ్రైవింగు నేర్పిన గురువే తాళం తిప్పాలి, ఆకువక్కలో దక్షిణ తీసుకోవాలి. అది జరక్కపోతే బండిని లైన్లో నిలవనివ్వం. రాడ్డుకు భయపడ్డాం గానీ ఈ విషయంలో ఎవరం తగ్గలేదు. చేసేది లేక ముని పోయి కుప్పయ్య కాళ్ళు పట్టుకున్నాడు.

కుప్పయ్య వచ్చాడు. కుడిచేతికి వెదురుబద్దల కట్టు. ఎడంచేత్తో తాళం తిప్పాడు. ఇంజను అందుకుంది. పదకొండు రూపాయల దక్షిణ జేబులో వేసుకుని వెనక సీట్లో కూర్చున్నాడు.

"పోనీ పుత్తూరికి. కట్టు మార్పించుకోవల్ల."

తోడుగా నేనూ ఎక్కాను. మొదటి బేరం గురువుదే అయిందని ముని పొంగిపోయాడు, వెర్రి వెధవ. తాను విరగ్గొట్టినవాళ్ళు ఎవరి వాకిట్లో కూర్చుని ఉంటారో వాడికి తట్టనే లేదు.

కట్టు కట్టే ఇంటి ముందు బండి ఆగింది. అరుగు మీద పాకాల డ్రైవరు, వాడి ఇద్దరు తమ్ముళ్ళు ఉన్నారు.

"వాడే! నా కాలిరగ్గొట్టింది వాడేరా!"

తమ్ముళ్ళు మునిని కిందికి లాగారు. డిక్కీలోని జాకీ రాడ్డే తీసుకున్నారు. వీపు మీద కొట్టారు, మొహం మీద కొట్టారు, కుడిచేతిని రాయి మీద పెట్టి మణికట్టు నుజ్జయ్యేదాకా కొట్టారు. పూలదండ మీద రక్తం చిందింది. నేను దిగబోతే కుప్పయ్య నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు. వాళ్ళు అలిసిపోయాక తాపీగా దిగి, జేబులోంచి ఆ పదకొండు రూపాయలు తీసి కట్టు కట్టేవాడి చేతిలో పెట్టాడు.

"ముందు వీనికి కట్టప్పా."

అతను చెయ్యి నొక్కి చూసి తల అడ్డంగా ఊపాడు. "మూన్నెల్లు స్టీరింగు ముట్టుకోకూడదు నాయనా."

దెబ్బలకు ఏడవని ముని, మూన్నెల్లంటే మూడు కంతులని తట్టి అప్పుడు ఏడ్చాడు.