బాపమ్మ దంచిన పలకాకు

ఆ రోజుల్లో తెల్లకోటు తొడుక్కున్నవాడికి తెలియని సంగతంటూ ఉండదని నేను గట్టిగా నమ్మేవాణ్ణి, ముఖ్యంగా ఆ తొడుక్కున్నవాణ్ణి నేనే అయినప్పుడు. సూరత్‌లో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ ఆఖరి ఏడాది. తెలంగాణ నుంచి వలసొచ్చిన మా బాపుది (నాన్నది) మగ్గాల కార్ఖానాలో పని. నవాగామ్‌లో మా గల్లీ మొత్తానికి అంత చదువు చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. సూక్ష్మజీవుల మధ్య వాడిన కోటు ల్యాబు గడప దాటకూడదని మాకు మొదటిరోజే చెప్పారు. నేను మాత్రం దాన్ని వేసుకునే సిటీ బస్సెక్కి, గల్లీ ఈ చివర నుంచి ఆ చివరకు ఒకసారి ఊరికే నడిచి, అప్పుడు ఇంట్లోకి వెళ్లేవాణ్ణి.

ప్రాజెక్టుకు నేను ఎంచుకున్నది పలకాకు. ఊళ్లో పిల్లలు పలక నల్లబడాలని రుద్దే ఆకే, దెబ్బ తగిలితే నలిపి రసం పిండే ఆకూ అదే. అది నిజంగా క్రిములను చంపుతుందా, ఒంట్లో కణాలు పాడవకుండా కాచే యాంటీఆక్సిడెంట్ గుణం అందులో ఉందా అన్నది నేను తేల్చాలి. రైలుపట్టాల పక్కన సంచెడు కోసుకొచ్చాను. ఇక వాటిని కడిగి, వారంపాటు నీడన ఆరబెట్టి, దంచి, జల్లించాలి. అంత చదువుకున్నవాణ్ణి దంచుతూ కూర్చుంటే బాగుంటుందా? పనంతా బాపమ్మకు (బాపును కన్నతల్లికి) అప్పజెప్పాను. "గిదేం పని కొడుకా, నువ్వు చదువుకో పో" అందామె. నేను పోయి ఫోను చూసుకున్నాను. రికార్డులో మాత్రం 'ఆకులను నేనే స్వయంగా ఎండబెట్టి పొడి చేసితిని' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను.

ఫలితం చూసి నాకే కళ్లు తిరిగాయి. క్రిములను పెంచిన పళ్లెంలో నా ఆకురసం పెట్టినచోట చుట్టూరా అవి చచ్చి ఇంత వెడల్పున ఖాళీ వలయం ఏర్పడింది. రెండో పరీక్షలో ఊదారంగు ద్రావణం మెల్లగా పసుపుపచ్చగా మారితే గుణం ఉన్నట్టు లెక్క. నాది మెల్లగా మారలేదు, చుక్క పడీ పడకముందే మారిపోయింది. (అక్కడైనా అనుమానం రావాలి. నాకు గర్వం వచ్చింది.) బాపు కార్ఖానాలో "మావోడు మందు కనిపెట్టిండు" అని చెప్పుకొచ్చాడు. ఆ ఆదివారం ఇద్దరు పనివాళ్లు తెగిన వేళ్లు పట్టుకుని మా ఇంటికొచ్చారు. నేను కోటు వేసుకుని వాటిని గంభీరంగా పరీక్షించి, డాక్టరు దగ్గరికి పొమ్మన్నాను.

మా గైడు మేడమ్ గుజరాతీ మనిషి, మితభాషి. రికార్డు తిరగేసి, సీసా ఎత్తి వెలుతురులో చూసి, "ఆకు పచ్చగా ఉంటుంది కదా, పొడి ఇలా ఎందుకుంది? ఎవరు చేశారు?" అని హిందీలో అడిగారు. "నేనే" అన్నాను. "అయితే ఇందులో ఇంకేం కలిపావు?" అన్నారు. అప్పుడిక బాపమ్మ పేరు చెప్పక తప్పలేదు. ఫోను చేయమన్నారు, స్పీకరులో పెట్టమన్నారు.

"బాపమ్మా, ఆ పొడిల ఏమన్న కలిపినవా?"

"కలపకుంటెట్ల కొడుకా? ఒట్టి ఆకు ఎవలన్న పుండుకు పెడ్తరా? పావుశేరు పసుపేసి దంచిన. పాసైనవా మరి?"

మేడమ్ నావైపు తిరిగి, "ఏమంటున్నారు?" అన్నారు. ఆమెకు తెలుగు ఒక్క ముక్క రాదు. ఏమీ కలపలేదట అనేస్తే రెండేళ్ల చదువు ఒడ్డున పడుతుంది, కార్ఖానాలో గొప్పగా చెప్పుకున్న బాపు తల ఎత్తుకు తిరుగుతాడు. ఆ అరనిమిషంలో నేను తయారుచేసినన్ని అబద్ధాలు జన్మలో చేయలేదు. కానీ ఫోనులో బాపమ్మ ఇంకా నా జవాబు కోసం ఎదురుచూస్తోంది, ఆమె ఊపిరి వినబడుతోంది. దాచడానికేమీ లేని మనిషి చెప్పిన మాటను మార్చి చెప్పడానికి సిగ్గేసింది. "హల్దీ కలిపిందట మేడమ్. దంచింది కూడా ఆమే, నేను కాదు" అన్నాను.

మేడమ్ ఎర్రపెన్నుతో 'నేనే స్వయంగా' కొట్టేసి, నెలరోజుల గడువిచ్చి, మొదటినుంచి మొదలుపెట్టమన్నారు. తోటివాళ్లు పట్టాలు పుచ్చుకుంటుంటే నేను డాబామీద రోకలి పట్టుకుని కూర్చున్నాను. ఈసారి వలయం వచ్చింది గానీ, భూతద్దం పెట్టి వెతుక్కోవలసినంత వచ్చింది. మార్కులూ దానికి తగ్గట్టే పడ్డాయి. ఆ ఫోటో బాపమ్మకు చూపించాను. కళ్లజోడు సవరించుకుని చూసి, "మీ మేడముకు చెప్పు కొడుకా, పసుపు లేకుంటె గింతనే అయితది" అంది.

నిజానికి ఆమె చెప్పినదాన్ని కాదనడానికి నా పరీక్షలో ఆధారమేమీ దొరకలేదు. ఇప్పుడు నేనొక ల్యాబులో రిపోర్టుల మీద సంతకాలు పెట్టే పనిలో ఉన్నాను. ఫలితం మరీ అందంగా ఉంటే, ఎవరు చేశారో ముందు అడుగుతాను. కుర్రాళ్లు "నేనే సార్" అంటారు, అచ్చం నాలాగే, కళ్లు కిందికి దించుకుని. కోపం రావలసింది నాకు, ఎందుకో వాళ్లను కూర్చోబెట్టి టీ తెప్పించాలనిపిస్తుంది.