చింపిన కాగితాల పుస్తకం

మా పెద్దమ్మ కాగితం చింపే పద్ధతి చూస్తే ఆవిడకు ఆ కాగితం మీద కోపమేమీ లేదని తెలిసిపోతుంది. ఫైలు విప్పుతుంది. పిన్నులు ఊడదీసి డబ్బాలో వేస్తుంది. కాగితాలను సగానికి మడిచి ఒక చింపు, మళ్ళీ మడిచి ఇంకో చింపు. ముక్కలు గోనెసంచిలోకి పోతాయి. సంచి నిండితే మూతి కుట్టేస్తుంది. ఇరవై ఆరేళ్లుగా ఆసుపత్రి రికార్డు గదిలో ఆవిడ పని ఇదే: ఫైళ్లు కట్టలు కట్టడం, అడిగితే తీసివ్వడం, గడువు తీరినవి చింపడం. అక్కడ అందరూ ఆవిడను కట్టలమ్మ అంటారు. పిలిస్తే పలుకుతుంది కానీ నవ్వదు.

ఆవిడ చెప్పబట్టే నాకూ అక్కడ పని దొరికింది. పాత ఫైళ్ల వివరాలు కంప్యూటర్లో ఎక్కించాలి. కిటికీ లేని గది, పైకప్పు దాకా ఇనుప ర్యాకులు, ఒక ట్యూబ్‌లైటు, ఎదురెదురుగా రెండు బల్లలు. నాకసలే నోరు ఊరుకోదు. నేను పది మాటలంటే అటునుంచి ఒక "ఊఁ" వచ్చేది. "పెద్దమ్మా, నీ మాటలకు కూడా రేషన్ పెట్టారా?" అంటే దానికీ "ఊఁ" అనేసేది.

ఆవిడ బల్ల మీద మూడు స్టాంపులు ఉండేవి. ఎరుపుది మూడేళ్లు, నీలంది పదేళ్లు, ఆకుపచ్చది శాశ్వతం. కాన్పులూ ఆపరేషన్లూ శాశ్వతం. జబ్బేమిటో తేలి మందులు వాడుతున్నవి పదేళ్లు. పరీక్షల్లో ఏమీ తేలనివి మూడేళ్లు. జాగా చాలక పెట్టిన రూలు అది. ఎవరు పెట్టారంటే చెప్పేవాళ్లు లేరు. ఎర్ర స్టాంపు పడేవాటిలో ఎక్కువ ఆడవాళ్లవే. పొత్తికడుపులో నొప్పి అని వస్తారు, నెలనెలా మంచం దిగలేకపోతున్నామని వస్తారు. స్కానింగు తీస్తారు. "అంతా నార్మల్" అని రాసి ఇంటికి పంపుతారు.

అలాంటి ఫైలు నాకూ ఒకటుంది. నెలకు రెండు రోజులు నేను మనిషిని కాను. బల్ల సొరుగు కాస్త బయటికి లాగి, దాని అంచుకు పొట్ట ఆనించి గట్టిగా నొక్కుకుని టైపు చేసేదాన్ని. మూడుసార్లు స్కానింగు తీశారు, మూడుసార్లూ అంతా నార్మలే. మూడోసారి చూసిన డాక్టరు, పెళ్లయితే అదే సర్దుకుంటుందన్నాడు. ఒళ్లు మండింది. తిరిగి అనడానికి ఓపిక లేక నోరు మూసుకుని వచ్చేశాను. పెద్దమ్మకు చెప్పలేదు. చెప్పినా "ఊఁ" అంటుంది, ఆ మాత్రం దానికి చెప్పడమెందుకనుకున్నాను.

ఒకరోజు మధ్యాహ్నం ఆడవాళ్ల విభాగం నుంచి ఒక డాక్టరమ్మ మా గదికి వచ్చింది. గర్భసంచి లోపల ఉండాల్సిన పొరలాంటిదే బయట కూడా పెరిగే జబ్బు ఒకటుందట. మామూలు స్కానింగుకు అది చాలాసార్లు దొరకదట. అలాంటివాళ్లను చూడడానికి వారానికి ఒక పూటైనా ప్రత్యేకంగా ఒక గది ఇమ్మని ఆవిడ పై కమిటీని అడిగింది. కమిటీ లెక్క చూపించమంది. నొప్పని మొదటిసారి వచ్చిన రోజు నుంచి జబ్బేమిటో తేలేదాకా ఒక్కొక్కరికి సగటున ఎన్నేళ్లు పడుతోందో చెప్పాలి. నేను సొరుగు అంచుకు ఆనుకునే ఇదంతా విన్నాను. ఆ గది వస్తే మొదటి కుర్చీ నాదే అనుకున్నాను.

రెండు వారాలు ఫైళ్లు తీసి లెక్క కట్టాం. సగటు ఏడాది ఎనిమిది నెలలు వచ్చింది. మూడుసార్లు కట్టినా అంతే. నెల తిరక్కుండానే కమిటీ జవాబు వచ్చింది. రెండేళ్ల లోపే జబ్బు తేలుతున్నందున ప్రత్యేక ఏర్పాటు అవసరం కనిపించడం లేదని అందులో ఉంది. డాక్టరమ్మ ఆ కాగితం మా గదిలోనే నిలబడి చదివింది.

"ఇదెలా కుదురుతుంది? నా దగ్గరికొచ్చేవాళ్లంతా పదేళ్లుగా కాళ్లరిగేలా తిరుగుతున్నామంటున్నారు."

పెద్దమ్మ కట్ట కడుతూ తలెత్తకుండా అంది, "మూడేళ్లు దాటినవి ఉండవు కదండీ."

"ఉండవంటే?"

"చింపేస్తాం. ఎప్పుడు మొదటిసారి వచ్చారో ఆ కాగితాలు పోతాయి. ఇంక మీకు మూడేళ్ల లోపువే కనపడతాయి."

"ఎవరు చింపుతారమ్మా?"

"నేనేనండీ."

డాక్టరమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. నేను ఊరుకోలేకపోయాను. "ఈ మాట ముందే చెప్పి ఏడవచ్చుగా పెద్దమ్మా!"

"మీరు అడగలేదు," అంది పెద్దమ్మ. ముడి బిగించి, మిగిలిన తాడు కత్తిరించి, అప్పుడు మళ్ళీ అంది. "చింపినవాటికి పుస్తకం ఉంది."

రూలు ప్రకారం చింపిన ప్రతి ఫైలుకూ ఒక వరస రాయాలట. పేరు, చిరునామా, వయసు, వచ్చిన తేదీ, ఏ బాధతో వచ్చారు, ఏం తేలింది, ఎప్పుడు చింపారు, చింపినవారి సంతకం. కాగితాలకు ఆయుష్షు మూడేళ్లు. వాటిని చింపామని రాసుకున్న పుస్తకం మాత్రం శాశ్వతం. నాకు నవ్వొచ్చింది, ఆ నవ్వులో సంతోషం మాత్రం లేదు. చివరి ర్యాకు అడుగు నుంచి ఆవిడ పంతొమ్మిది పుస్తకాలు లాగింది. ఇన్నేళ్లలో వాటిని ఎవరూ అడగలేదట.

వాటిని ఎక్కించడానికి రెండు నెలలు పట్టింది. అన్నీ పెద్దమ్మ చేతిరాతే. ఒకే మనిషి ఇరవై రెండేళ్లకు వస్తుంది, ఇరవై నాలుగుకు వస్తుంది, ఇరవై ఏడుకు వస్తుంది. బాధ అదే, తేలినది "ఏమీ లేదు". మొదటి రోజు ఒక పదిహేనేళ్ల పిల్ల వరస చూసి ఏడ్చాను. పదో రోజుకు ఏడుపు ఆగిపోయింది. నెల తిరిగేసరికి పేరు, వయసు, నొప్పి, ఏమీ లేదు అని కొట్టుకుంటూ పోతున్నాను, లోపల ఏమీ కదలడం లేదు. ఇంటికెళ్లి అమ్మ పలకరిస్తే "ఊఁ" అన్నాను. ఆ రాత్రి నాకు భయం వేసింది, నా గొంతు నాకే పెద్దమ్మ గొంతులా వినపడింది.

అయిదో పుస్తకంలో పెద్దమ్మ పేరు కనపడింది. చిరునామా మా తాతయ్య వాళ్లిల్లే. వయసు ఇరవై ఏడు. పొత్తికడుపులో నొప్పి. ఏమీ లేదు. పక్కన చింపినవారి సంతకం కూడా ఆవిడదే. ముందుకు వెళ్లేకొద్దీ మళ్ళీ మళ్ళీ వచ్చింది. మొత్తం ఏడుసార్లు. ఆఖరుది నలభై అయిదేళ్లప్పుడు.

"పెద్దమ్మా, ఇది నువ్వేనా?"

వచ్చి కళ్లజోడు సర్దుకుని చూసింది. "నేనే."

"నీ కాగితాలు నువ్వే చింపుకున్నావా?"

"గడువైపోయింది మరి."

"చింపుతుంటే నీకేమీ అనిపించలేదా?"

ఊరికే అనెయ్యకుండా నిజంగానే ఆలోచించింది. "మొదటిసారి అనిపించింది. తర్వాత అన్నిటితోపాటే. ఏమీ లేదని వాళ్లే రాశాక నాకేముంటుంది?" తన బల్ల దగ్గరికి వెళ్లిపోతూ, "టైపు చెయ్యి," అంది.

ఆవిడ కూర్చోవడానికి సొరుగు కొద్దిగా లాగింది. ఎన్నిసార్లు చూశానో దాన్ని. అంచు నడిమధ్య రంగంతా పోయి, చెక్క నునుపుదేరి గుంట పడి ఉంది. అది ఎలా అరిగిందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆవిడకు నెలసరి ఆగిపోయి రెండేళ్లయింది. ఇంకా సొరుగు లాక్కునే కూర్చుంటుంది. నాకు ఆవిడ మీద జాలేసింది. ఇన్నాళ్లూ ఎదురుగా కూర్చుని నన్ను చూస్తూ కూడా ఒక్క మాట అడగనందుకు కోపమూ వచ్చింది.

ఈసారి సగటు తొమ్మిదేళ్ల నాలుగు నెలలు వచ్చింది. పెద్దమ్మలాంటివాళ్లు అందులోకి రాలేదు, వాళ్లకు తేలిన తేదీయే లేదు. వాళ్లెంతమందో లెక్క కింద విడిగా డాక్టరమ్మ ఒక వరస రాసింది. నాలుగు నెలల తర్వాత కమిటీ ఒప్పుకుంది. మంగళవారం మధ్యాహ్నాలు, పాత ఇంజెక్షన్ల గది. అందులో ఒక మంచం, ఒక బల్ల, రెండు కుర్చీలు. మొదటి వారం నాది మూడో నంబరు. డాక్టరమ్మ ముప్పావు గంట విన్నది. వేరే రకం స్కానింగుకు పంపింది. మూడు వారాల తర్వాత ఫలితం చేతిలో పెట్టుకుని, "ఉందమ్మా," అంది. ఉందన్నందుకు నేను భోరుమని ఏడ్చాను.

అంతకుముందు మా ఫైళ్ల మీద జబ్బులకు నంబర్లే ఉండేవి. ఈ గది నుంచి వచ్చే ఫైళ్ల మీద మాత్రం పేరు పూర్తిగా, మన అక్షరాల్లో రాయాలని డాక్టరమ్మ పట్టుబట్టింది. ఆ సాయంత్రం నా ఫైలు మిగతావాటితో కలిసి మా గదికి వచ్చింది. పెద్దమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది. నా పేరు చూసి ఆగింది. దాని కింద ఉన్నదాన్ని ఒక్కో అక్షరమే కూడబలుక్కుంది.

"ఎం... డో... మె... ట్రి... యో... సిస్."

ఇంకోసారి చదివింది. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇంత పొడుగు పేరున్నదాన్నా ఏమీ లేదన్నారు?"

నన్ను అడగలేదు. ఎవరినీ అడగలేదు. ఆవిడ కళ్లు ఎప్పటిలా పొడిగానే ఉన్నాయి. చెయ్యి మాత్రం బల్ల కిందికి వెళ్లి సొరుగు అంచు పట్టుకుంది. కాసేపటికి అది పైకొచ్చి, అలవాటు కొద్దీ నీలం స్టాంపు దగ్గరికి పోయి, అక్కడ ఆగి, ఆకుపచ్చది అందుకుంది.

"అది శాశ్వతం పెద్దమ్మా. రూలు ఒప్పుకోదు."

"ఊఁ," అని, స్టాంపు గట్టిగా నొక్కింది.